తిరిగిరాని సిపాయి: ఒక వ్యాసరచన నాకు నేర్పిన పాఠం

కవిత్వానికి అర్థం చెప్పడం సులభమని పరీక్షలకు కూర్చునే ప్రతి విద్యార్థీ భావిస్తాడు. కవి పరిచయం, సందర్భం, భావం, విశేషాంశం అనే నాలుగు మెట్లు ఎక్కితే మార్కుల మేడ చేరుకోవచ్చునన్నది మనందరి అనుభవం. నేనూ అటువంటి విద్యార్థినినే. కాని గత విద్యా సంవత్సరంలో మా తరగతికి ఇచ్చిన ఒక వ్యాసరచన ఆ నమ్మకాన్ని పునాదులతో సహా కదిలించింది. ఆ అనుభవాన్ని ఈ వార్షిక సంచిక ద్వారా సహాధ్యాయులతోను, కళాశాల పెద్దలతోను పంచుకోవాలన్నదే నా ఈ చిన్న ప్రయత్నం.

మాకు ఇచ్చిన పని ఇది. యుద్ధకాలానికి సంబంధించిన ఒక కవితను ఎన్నుకొని వ్యాఖ్యానించాలి. ఆ యుద్ధచరిత్రను స్వగ్రామంతోనో, స్వకుటుంబంతోనో అనుసంధించి పరిశీలించాలి. ఉర్దూ, తెలుగు రెండు భాషలు చదివేవారు రెండింటి నుండీ ఉదాహరణలు గ్రహించాలి. నేను ఆలోచించకుండానే మఖ్దూం మొహియుద్దీన్ గారి ‘సిపాహీ’ అన్న కవితను ఎన్నుకున్నాను. అది చిన్నది కావడం ఒక కారణం. మా ఇంట్లో కూడ ఒక సిపాయి ఉండేవాడని విని ఉండడం రెండవ కారణం.

మఖ్దూం 1908లో నేటి సంగారెడ్డి జిల్లాలోని అందోలులో జన్మించాడు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదివి, హైదరాబాదు సిటీ కళాశాలలో కొంతకాలం అధ్యాపకుడుగా పనిచేసి, ఆ ఉద్యోగాన్ని వదలి కార్మికోద్యమంలోకి, అటుపిమ్మట తెలంగాణ పోరాటంలోకి నడిచాడు. ఆయన తొలి సంపుటి ‘సుర్ఖ్ సవేరా’, అనగా ఎర్రని ఉదయం, 1944లో వెలువడింది. 1969లో ఆయన మరణించాడు. ‘బిసాత్-ఎ-రక్స్’కు సాహిత్య అకాడమీ పురస్కారం లభించినదీ ఆ సంవత్సరమే. రెండవ ప్రపంచ యుద్ధ కాలపు ‘సిపాహీ’ని 1960లో వచ్చిన ‘ఉస్నే కహా థా’ హిందీ చిత్రంలో పాటగా వాడుకోవడం వలన, ఆ కవి పేరు తెలియని వారికి కూడ అది తెలుసు.

ఇక నా స్వగ్రామం. మాది జోగులాంబ గద్వాల జిల్లాలోని గట్టు. కృష్ణా తుంగభద్రల నడుమ ఉన్నది గనుక మా ప్రాంతానికి నడిగడ్డ అని పేరు. పడమట కొద్ది దూరం పోతే కర్ణాటక రాష్ట్రం, రాయచూరు సీమ. మా బజారులో తెలుగు, కన్నడం, దక్కనీ ఉర్దూ మూడూ ఒకే బేరంలో వినిపిస్తాయి. తెలుగులో గట్టు అంటే కొండ, ఒడ్డు కూడ. కష్టాలు తీరితే గట్టెక్కామంటాము. అయినా మా గట్టు వారిలో గట్టెక్కిన వారు స్వల్పం. వాన కురిస్తే పంట, లేకుంటే వలస అన్నది ఎన్నో ఏండ్ల మాట. 2011 జనగణనలో అక్షరాస్యత మిక్కిలి తక్కువగా తేలిన మండలాలలో మాదీ ఒకటి. మా ఇంటి ఆడవారిలో కళాశాల గడప తొక్కినది నేనే మొదటిదానను.

మా నేలకు యుద్ధం కొత్తది కాదు. ఈ రెండు నదుల నడిమి సీమ కోసం బహమనీ సుల్తానులు, విజయనగర రాజులు తరతరాలు పోరాడారు. 1520లో రాయచూరు వద్ద శ్రీకృష్ణదేవరాయలు ఇస్మాయిల్ ఆదిల్ షాను ఓడించిన సంగతి పోర్చుగీసు వర్తకుడు నూనిజ్ వ్రాసిపెట్టినందున నేడు మనం వివరంగా చదువుకుంటున్నాము. తరువాతి కాలంలో గద్వాల కోట కట్టిన సోమనాద్రి శౌర్యం నేటికీ మా ఊళ్ళలో కథగా చెప్పుకుంటారు. అందువలన నా వ్యాసంలో వీరరసం పొంగి పొరలాలన్నది నా సంకల్పం. ఆ సంకల్పమే నన్ను పెడదారి పట్టించింది.

మా అమ్మగారి తల్లిని నేను నానీ అని పిలుస్తాను. ఆమె తండ్రి, అనగా నా ముత్తాత, నిజాం కాలంలో ఫౌజులో చేరి మలయాకు వెళ్ళి తిరిగిరాలేదు. ఇంటిలో ఉన్న సమాచారమంతా ఈ ఒక్క వాక్యమే. ఫోటో లేదు, పతకం లేదు. ఈ ఒక్క వాక్యాన్ని నేను నా మొదటి వ్యాసంలో మూడు పుటలుగా పెంచాను. నా ముత్తాత 19వ హైదరాబాదు రెజిమెంటులో చేరాడనీ, దేశం కొరకు ప్రాణాలర్పించాలన్న ఆకాంక్షతో సముద్రం దాటాడనీ, సింగపూరు రక్షణలో శత్రువులతో పోరాడుతూ అమరుడయ్యాడనీ వ్రాశాను. కవిత ‘యుద్ధ విముఖతను, ఆశావాదాన్ని’ ప్రకటిస్తున్నదని ముగించాను. చదువుకుంటే నాకే కన్నీరు వచ్చింది. మంచి మార్కులు తప్పవనుకున్నాను.

వ్యాసం తిరిగి వచ్చింది. మా ఉర్దూ అధ్యాపకులు ఎర్ర సిరాతో మూడు చోట్ల గీతలు గీసి, మూడింటి ప్రక్కనా ఒకే ప్రశ్న వ్రాశారు: “నీకెవరు చెప్పారు?” రెజిమెంటు పేరు ప్రక్కన ఒకటి, దేశం కొరకు అన్న మాట ప్రక్కన ఒకటి, అమరుడయ్యాడు అన్న మాట ప్రక్కన ఒకటి. మార్కులు వేయలేదు. సిగ్గు, కోపం రెండూ కలిగాయి. మా ముత్తాతను నేను పొగడుకుంటే వీరికేమి నష్టమని మనసులో అనుకున్నాను. కాని మూడు ప్రశ్నలలో ఒక్కదానికీ నా వద్ద సమాధానం లేదు.

మొదటి ప్రశ్నతో ప్రారంభించాను. గ్రంథాలయంలోను, కంప్యూటరు మీదను వెదకగా నా అజ్ఞానం నాకు తెలిసివచ్చింది. 19వ హైదరాబాదు రెజిమెంటు బ్రిటిషు ఇండియా సైన్యానికి చెందినది. పూర్వం నిజాం ఖర్చుతో నడిచిన హైదరాబాదు కంటింజెంటు నుండి పుట్టినందున ఆ పేరు నిలిచిందే గాని, రెండవ ప్రపంచ యుద్ధం నాటికి అందులో చేరేవారు ఎక్కువగా కుమావూ మొదలైన ఉత్తరాది ప్రాంతాలవారు. 1945లో దాని పేరే కుమావూ రెజిమెంటుగా మారింది. దాని నాలుగవ బెటాలియను మలయాలో పోరాడిన మాట నిజమే. కాని హైదరాబాదు అన్న పేరు చూసి మా గట్టు మనిషిని అందులో చేర్చడం నా పొరపాటు.

నిజాం ప్రభుత్వానికి వేరుగా సంస్థాన సైన్యముండేది. దానిలోని మొదటి హైదరాబాదు పదాతిదళం మలయా ఈశాన్య తీరాన ఉన్న కోటభారు విమానాశ్రయ రక్షణకు నియమింపబడింది. 1941 డిసెంబరు 8వ తేదీ అర్ధరాత్రి దాటిన కొద్దిసేపటికి జపాను సేనలు అక్కడి ఒడ్డున దిగాయి. కాలమానాల తేడాను సరిచూస్తే ఇది పెర్ల్ హార్బర్ దాడికి గంటకు పైగా ముందే జరిగింది. ప్రపంచమంతా గుర్తుంచుకున్న ఆ దాడికి ముందే, ఎవరికీ గుర్తులేని ఆ ఒడ్డున మన సంస్థానపు సిపాయిలు ఉన్నారన్నమాట. నా ముత్తాత వారిలో ఒకడై ఉండవచ్చును, కాకపోనూ వచ్చును. మలయాలో భారతీయ దళాలు ఇంకా అనేకం ఉన్నాయి.

ఆ పిమ్మట జరిగినది మరింత చిక్కు. 1942 ఫిబ్రవరి 15న సింగపూరు లొంగిపోయింది. రెండు రోజుల తరువాత ఫారర్ పార్కు మైదానంలో సుమారు 40 వేల మంది భారతీయ సైనికులను జపాను వారికి అప్పగించారు. వారిలో కొందరు ఆజాద్ హింద్ ఫౌజులో చేరారు, కొందరు నిరాకరించారు. న్యూగినీ దీవుల వరకు కూలీలుగా తరలింపబడి, ఆకలికి, రోగాలకు ఆహుతి అయినవారు ఎందరో. ఆ ఫౌజులోనే మన హైదరాబాదుకు చెందిన ఆబిద్ హసన్ ఉండేవాడు. ‘జైహింద్’ నినాదాన్ని రూపొందించినవాడుగా ఆయన ప్రసిద్ధుడు. 1944లో ఇంఫాల్ నుండి వెనుదిరిగిన సైనికుల కష్టాలను ఆయన స్వయంగా చూసి వ్రాశాడు. మలయాకు వెళ్ళిన ఒక మనిషి ముందు ఇన్ని దారులు ఉండగా, నేను నాకు నచ్చిన ఒక దారిని అతనికి అంటగట్టాను.

సింగపూరులోని క్రాంజి వద్ద ఒక స్మారకమున్నది. సమాధి కూడ దొరకని 24 వేల మందికి పైగా సైనికుల పేర్లు దాని గోడల మీద చెక్కబడి ఉన్నాయి. ఆ పేర్ల జాబితాలో నేను మూడు రాత్రులు వెదకాను. మా ముత్తాత పేరు మన దేశంలో లక్షలమందికి ఉన్న పేరు. అదే పేరుగల వారు కనబడుతూనే ఉన్నారు. ఊరి పేరు గట్టు అని ఉన్నది ఒక్కటీ కనబడలేదు.

ఇక్కడ ఒక విషయం నన్ను కలచివేసింది. మొదటి ప్రపంచ యుద్ధంలో నిజాం ప్రభువు బ్రిటిషు వారికి విమానాలు కానుకగా ఇచ్చాడు. 1918లో ఆ విమానాలతో ఫ్రాన్సుకు వెళ్ళిన 110వ స్క్వాడ్రనుకు ‘హైదరాబాదు స్క్వాడ్రను’ అన్న పేరు వచ్చింది. ఒక్కొక్క విమానం మీద దాత పేరు వ్రాశారట. హైదరాబాదు, మైసూరు, జోధపూరు అశ్వదళాల స్మృత్యర్థం 1922లో ఢిల్లీలో మూడు విగ్రహాలు నిలిపారు. అదే తీన్ మూర్తి. విమానానికి పేరున్నది, విగ్రహానికి చోటున్నది. గట్టు నుండి వెళ్ళిన మనిషికి మాత్రం ఒక ముసలమ్మ జ్ఞాపకం తప్ప మరేదీ లేదు.

అప్పుడు కవితను మరల తెరిచాను. ఇదివరకు పదిసార్లు చదివినా గమనించని సంగతి ఒకటి కనబడింది. కవి ఆ సిపాయిని ఏమీ అడగడం లేదు. నీవెక్కడికి పోతున్నావని అతనిని అడగవలసిందిగా మనకు చెబుతున్నాడు. సిపాయి కవితలో ఒక్క మాట కూడ మాట్లాడడు. కవి చూపు వెంటనే అతనిని విడిచి వెనుక మిగిలినవారి మీదికి మళ్ళుతుంది. ఆకలిగొన్న బిడ్డలను ఊరడించే ఒక దుఃఖిని, కాలుతున్న శవాల వాసన, భయంతో కదిలే నక్షత్రాలు, ఇవన్నీ వచ్చి చివరకు తెల్లవారుతుంది. ఆ తెల్లవారడాన్ని మాత్రమే పట్టుకొని నేను ‘ఆశావాదం’ అని వ్రాసి ఊరుకున్నాను. అడగమని కవి అప్పగించిన పనిని చేయకుండా, సిపాయి తరఫున నేనే సమాధానం చెప్పాను.

ఇదే సమయంలో మా తెలుగు తరగతిలో స్త్రీపర్వం ప్రస్తావన వచ్చింది. భారత యుద్ధకథను తెలుగు చేసినవాడు తిక్కన. పదునెనిమిది దినాల యుద్ధం ముగిసిన పిదప, కళ్ళకు గంతలు కట్టుకున్న గాంధారి వ్యాసుని వరం వలన రణభూమిని చూస్తుంది. శ్రీకృష్ణునికి ఒక్కొక్క కోడలిని చూపిస్తుంది. అభిమన్యుని శరీరం వద్ద ఉత్తర ఉంటుంది. భర్త సైంధవుని తల కొరకు దుస్సల వెదకుతూ తిరుగుతుంది. సంస్కృత మూలంలో ధృతరాష్ట్రుడు మృతుల లెక్క అడుగుతాడు. ధర్మరాజు కోట్ల సంఖ్య చెప్పి, ఏమైనారో కానరాని వీరులు 24,165 మంది అంటాడు. మృతుల లెక్క వేరు, కానరానివారి లెక్క వేరు! ఆ పిమ్మట నా అన్నవారు లేని శవాలకు కూడ సంస్కారం జరగాలని ఆజ్ఞాపిస్తాడు.

24,165 అన్న సంఖ్య వినగానే నేను ఉలిక్కిపడ్డాను. క్రాంజి గోడల మీద పేర్లు 24 వేలకు పైగా కదా! ఈ సామ్యాన్ని మా తెలుగు గురువుగారికి ఉత్సాహంగా చెప్పాను. ఆయన చిరునవ్వు నవ్వి, “అంకెలు కలవడం యాదృచ్ఛికమమ్మా, దానిమీద మేడ కట్టకు. ఆ లెక్క ఎందుకు వేరుగా చెప్పవలసి వచ్చిందో ఆలోచించు. దుస్సలకు తల దొరకకపోయినా శరీరమైనా కళ్ళ ఎదుట ఉన్నది. ఏదీ దొరకని ఇంటి సంగతేమిటి?” అన్నారు. ఆ మాటతో మా ఇల్లు గుర్తుకు వచ్చింది. నేను ఎవరిని అడగాలో అప్పుడు తెలిసింది.

సెలవులకు గట్టుకు వెళ్ళాను. మా నానీకి ఎనభై అయిదేండ్లు దాటాయి. చూపు మందగించినా మాట స్పష్టమే. ఆమె మంచం ప్రక్కన కూర్చుండి మఖ్దూం కవితను చదివి, తెలియని మాటలకు అర్థం చెప్పాను. ముత్తాతను గూర్చి అడిగాను. ఆమె మెల్లగా చెప్పింది.

“నాకు అప్పుడు మూడేండ్లు బేటీ. బాబా మొగం గూడ నాకు యాదికి లేదు. దేశమంటే ఏందో ఆయనకేం తెల్సు? ఆ యేడు వానల్లేవు. జొన్న కంకిల పాలు వోసుకోలే. ఫౌజుల జీతమిస్తరంటే పోయిండు. కొన్ని దినాలు మనియార్డరు వచ్చిందంట. ఒక ఉత్తరం వచ్చిందంట. అమ్మకు సదువు రాదు, పట్వారి సదివి చెప్పిండు. దాన్ని పెట్టెల దాచిపెడితే చెదలు తినిపాయె. ఆమీద రూపాయి లేదు, ఉత్తరం లేదు.”

“పెద్దమ్మీ ఏమన్నది నానీ?” అని అడిగాను.

“మా అమ్మ గాజులు తియ్యలే. తీస్తే ఆయన సచ్చిపోయినట్టే గదా అంటుండె. ఫాతెహా గూడ సదివియ్యలే. ఆఖరి దినం దాంక తలుపుకు గొళ్ళెం పెట్టనియ్యలే.”

నా చేతిలోని కాగితాల మీద ‘అమరుడయ్యాడు’ అన్న మాట కనిపించి, నా చేయి వణికింది. ఒక స్త్రీ జీవితమంతా నోటితో పలకడానికి నిరాకరించిన మాటను నేను మార్కుల కొరకు ఒక్క సాయంత్రంలో వ్రాసివేశాను. ఆ మాట వ్రాశానని నానీకి చెప్పి, తప్పు ఒప్పుకున్నాను. ఆమె కోపపడలేదు. కొంచెంసేపు ఊరకుండి ఒక ప్రశ్న అడిగింది.

“ఆ పాట రాసినాయనకు సిపాయి జవాబు చెప్పిండా?”

“లేదు నానీ.”

“మరి నువ్వెట్ల చెప్తవు?”

మా అధ్యాపకులు ఎర్ర సిరాతో వ్రాసిన ప్రశ్నయే ఇది. అక్షరం రాని మా నానీ ఆ కవిత హృదయాన్ని ఒక్కసారి వినడంతోనే పట్టుకున్నది. ఎవ్వరమూ ఆ సిపాయిని సమయానికి అడగలేదు. అడగగలిగిన వయస్సు ఆమెకు లేదు, అడిగి ఆపగలిగిన స్థితి ఆమె తల్లికి లేదు. పంపిన ప్రభుత్వానికి అడగవలసిన అవసరమే లేకపోయింది.

నేను రెండవ వ్యాసం వ్రాశాను. తెలిసినది తెలిసినట్లు, తెలియనిది తెలియదని వ్రాశాను. నా ముత్తాత జీతం కొరకు వెళ్ళాడని వ్రాయడానికి మొదట మనస్సు ఒప్పలేదు. కాని ఆలోచించగా, కరవులో బిడ్డకు ఇంత జొన్న సంకటి కొరకు సముద్రం దాటినవాడు నేను కల్పించిన వీరునికంటె తక్కువవాడేమీ కాదు. నేటికీ మా ఊళ్ళ నుండి పని కొరకు దూరదేశాలకు వెళ్ళేవారున్నారు. వారిని కూడ ఎక్కడికి, ఎందుకు పోతున్నావని అడగవలసినవారు ఎవరు? ఈ ప్రశ్నతోనే వ్యాసాన్ని ఆపాను. ఈసారి ఎర్ర గీతలు లేవు. మార్కులు ఎన్ని వచ్చాయన్నది ఇక్కడ అప్రస్తుతం.

ఈ పనివలన నేను గ్రహించినవి రెండు. కవిత మనకు ఒక ప్రశ్న ఇస్తుంది. దానికి తొందరపడి సమాధానం చెప్పడం వ్యాఖ్యానం కాదు. చరిత్ర మనకు తేదీలు, దళాల పేర్లు, సంఖ్యలు ఇస్తుంది. వాటి నడుమ ఉన్న ఖాళీని మన ఊహతో పూడ్చడం చరిత్ర కాదు. యుద్ధం అంటే ఎక్కడో జరిగినదని మనమంటాము. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడల మీద జపాను బాంబులు పడ్డాయి. ఆ సంవత్సరమే బర్మాలోని తెలుగువారు వేలాదిగా అడవులు, కొండలు దాటి కాలినడకన స్వదేశానికి మరలారు. ఆ ఇండ్లలోనూ అడగకుండా మిగిలిపోయిన ప్రశ్నలుంటాయి. సహాధ్యాయులారా, మీ ఇంటిలోనూ ఒక నానీయో, అమ్మమ్మయో ఉంటే వారు మాట్లాడగలిగినప్పుడే వారి ప్రక్కన కూర్చుండవలసిందిగా నా మనవి. నా ముత్తాత ఉత్తరాన్ని చెదలు తిన్నాయి. మరికొంత కాలానికి మా నానీ జ్ఞాపకాన్ని కూడ కాలం తింటుంది.

సెలవులు ముగిసి నేను బయలుదేరే నాటి ఉదయం నానీ మా అమ్మను పిలిచి, ఈ గురువారం ఇంట్లో ఫాతెహా చదివించాలన్నది. మేమందరం నిర్ఘాంతపోయాము. ఎనభై ఏండ్లకు పైగా ఆ ఇంట్లో ఎవరూ తలపెట్టని మాట అది. “బాబా పేరు మీదనా?” అని అమ్మ మెల్లగా అడిగింది.

“ఆయనొక్కని పేరు మీద కాదు. ఆయన ఉన్నడో లేడో అల్లాకు తెల్సు. పోయి రానోళ్ళు అందరి పేరు మీద సదివియ్యి” అన్నది నానీ.

నేను బస్సు ఎక్కేటప్పుడు ఆమె గడపలో నిలుచుండి, ఎప్పుడూ లేనిది, “యాడికి పోతున్నవ్ బేటీ?” అని అడిగింది. కళాశాలకు అని గట్టిగా సమాధానం చెప్పాను.